సంతకానికి కావాలి, తోడుకి పనికిరాడా?

మా బంధువుల అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. మొన్న సీమంతంలో ఆ పిల్ల నా పక్కకి జరిగి, "అక్కా, నొప్పులప్పుడు ఆయన్ని కూడా లోపల ఉండనిమ్మని డాక్టరుగారిని అడుగుదామనుకుంటున్నా" అంది మెల్లిగా. మెల్లిగా అన్నా వినపడనే వినపడింది. గాజులు తొడుగుతున్న పెద్దవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. "మగాడికి అక్కడేం పనే!" అన్నారు. పిల్ల తల వంచుకుంది. శుభమా అని పేరంటంలో గొడవెందుకులే అని నేనూ ఊరుకున్నా. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేకపోయా.

మాది భవానీపురం. మా పెద్దదానికి నొప్పులు మొదలైంది దసరాల్లో, మూలా నక్షత్రం ముందు రోజు రాత్రి. ఆ రాత్రి కొండ కింద రోడ్డు ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రికే క్యూలు నిండిపోతాయి, కుమ్మరిపాలెం దగ్గరే బండ్లు ఆపేస్తారు. మావారు ఆటో మాట్లాడి చిట్టినగర్ సొరంగంలోంచి తిప్పి తీసుకెళ్ళారు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. లేబర్ రూమ్ తలుపు దగ్గర నర్సు "జెంట్స్ ఇక్కడే ఆగాలి" అంది. అక్కడ వదిలారు.

లోపల ఏడు గంటలున్నా. అమ్మని కూడా రానివ్వలేదు. నేను అరిస్తే ఆయా "నువ్వొక్కదానివే కంటున్నావా?" అని కసిరింది. మీలో చాలామంది ఇంతకంటే ఘోరమైన మాటలే పడి ఉంటారు, నాకు తెలుసు. ఎవరో వచ్చి చూస్తారు, వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుంటారు, వెళ్ళిపోతారు. కడుపు నాది, నొప్పి నాది, కానీ ఏం జరుగుతోందో నాకు చెప్పినవాళ్ళు లేరు.

బయట మావారికి తోడు మందుల చీటీలు. తెల్లవారుజామున ఒక కాయితం తెచ్చి "ఆపరేషన్ చెయ్యాలి, సంతకం పెట్టండి, ఆలస్యమైతే మా బాధ్యత కాదు" అన్నారట. పెట్టేశారు. ఏ మొగుడు మాత్రం పెట్టకుండా ఉంటాడు? నాకు సంగతి తెలిసింది స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తున్నప్పుడు. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైందో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆయనకీ తెలీదు. ఇద్దరం అదే ఆస్పత్రిలో ఉన్నాం, మధ్యలో ఒక్క తలుపు, ఇద్దరికీ తెలీదు.

ఇక్కడితో అయిందా? మూలా నక్షత్రంలో పుట్టింది కాబట్టి శాంతి అయ్యేదాకా తండ్రి పిల్ల మొహం చూడకూడదన్నారు. ఆ రోజు అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటే చూడటానికి ఊరూరి నుంచీ జనం వచ్చి గంటలు గంటలు నిలబడ్డారు. అదే రోజు, అదే నక్షత్రంలో పుట్టిన ఆడపిల్లని కన్నతండ్రి చూడకూడదు! మళ్ళీ ఆ నక్షత్రం వచ్చాక, ఇరవై ఏడో రోజున, నూనె గిన్నెలో పిల్ల నీడ చూపించి ఆ తర్వాత చేతికిచ్చారు. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. సంతోషం అనుకున్నారందరూ. ఆ రాత్రి నాతో అన్నారు, "నాకు దీన్ని పరాయివాళ్ళు తెచ్చిచ్చినట్టుందే" అని.

అందుకే అడుగుతున్నా. డబ్బు కట్టడానికి కావాలి, రక్తం తేవడానికి కావాలి, సంతకానికి కావాలి. పక్కన నిలబడటానికి మాత్రం మగాడికి అక్కడ పనిలేదా?

అసలు ఆ సంతకం సంగతే చూడండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి, బయటున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదకి వచ్చిన అత్యవసరం కానప్పుడు, వయసొచ్చిన మనిషి ఒంటి మీద ఆపరేషన్‌కి ఆ మనిషే ఒప్పుకోవాలి, తల్లి సంతకం చెల్లదంది కోర్టు. నొప్పుల్లో ఉన్నా నేను తెలివిలోనే ఉన్నా. నన్ను అడగాలి. నాకు ధైర్యం చెప్పే మనిషి అప్పుడు నా పక్కన ఉండాలి. వీళ్ళు చేసేది సరిగ్గా దీనికి తిరగేసి.

ఇది ఒకరిద్దరి గొడవ కూడా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 63. అంటే ఆ కాయితం మనలో సగానికి సగం మంది ఇళ్ళలోకి వస్తోందన్నమాట.

తోడు ఉండనివ్వాలన్నది నా సొంత కవిత్వమూ కాదు, ఇంగ్లీషు సినిమాలు చూసి చెప్తున్నదీ కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పుకి ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ముందు ఆడబంధువు అంది, మరుగు ఉన్నచోట భర్త కూడా ఉండొచ్చంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, ఆ తల్లి ఎవరిని కోరుకుంటే వాళ్ళని ఉండనివ్వమంది. 15,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 పరిశోధనలను కలిపి చూస్తే, కాన్పంతా ఒక తోడు ఉన్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, నొప్పుల సమయం కొంత తగ్గింది.

"పక్క మంచాల మీద వేరే ఆడవాళ్ళుంటారు కదా?" అంటారు. న్యాయమైన మాటే. దానికి మందు తెర, మొగుణ్ణి గెంటెయ్యడం కాదు. అన్ని వేలు పుచ్చుకునే చోట మంచానికో తెర కట్టలేరా? "మగాళ్ళు రక్తం చూసి పడిపోతారు" అంటారు. పడిపోయేవాళ్ళు బయట కూర్చోవచ్చు, బలవంతం లేదు.

ఇక మూడో మాట, మన ఆడవాళ్ళే చెవిలో చెప్పేది: "ఆ అవతారంలో చూస్తే మోజు పోతుందే." మా అమ్మే అంది నాతో. బిడ్డని కనే మనిషిని చూసి పోయే మోజు, రేపు జ్వరమొస్తే ఉంటుందా? ఆ మాట మగాళ్ళని కూడా తక్కువ చేస్తుంది. ఆస్పత్రివాళ్ళ కంటే ముందు ఆ తలుపు మూస్తున్నది మనమే.

అందరికీ మొగుడే ఉండాలని నేననను. అమ్మ కావాలనేవాళ్ళకి అమ్మ, అక్క కావాలంటే అక్క. మొగుడు పక్కనుంటేనే భయమనే వాళ్ళూ ఉన్నారు, వాళ్ళని ఎవరూ ఇబ్బంది పెట్టకూడదు. కనేది ఎవరో ఎంచుకునేదీ వాళ్ళే కావాలి.

మా రెండోవాడి కడుపప్పుడు వేరే ఆస్పత్రికి వెళ్ళాం. మొదటిది ఆపరేషనైనా, జాగ్రత్తగా చూసుకుంటూ మామూలు కాన్పుకి ప్రయత్నిద్దామన్నారు డాక్టరమ్మ. ఆయన ఆరు గంటలు నా పక్కనే ఉన్నారు. నడుం రుద్దారు, నీళ్ళు తాగించారు, నేను తిట్టిన తిట్లు పడ్డారు. చివర్లో బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గింది. డాక్టరమ్మ మిషన్ కాయితం ఇద్దరికీ చూపించి రెండు నిమిషాల్లో విషయం చెప్పారు. నేను "సరే" అన్నా. సంతకం నేను పెట్టా. ఆయన టోపీ, గౌను వేసుకుని నా తల దగ్గర కూర్చున్నారు. బాబు ఏడుపు ఇద్దరం ఒకేసారి విన్నాం.

చూశారా, రెండుసార్లూ ఆపరేషనే. అదే కోత, అవే కుట్లు. కానీ రెండో దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఎవరి మీదా కోపం లేదు. రెండు నిమిషాలు, ఒక టోపీ, ఒక గౌను. దానికి అయిన ఖర్చు ఇంతే.

కాబట్టి ఏడో నెల చెకప్‌కి వెళ్ళినప్పుడే అడగండి. నా పక్కన ఎవరుండొచ్చు? ఆపరేషన్ అయితే ముందు నాకు చెప్తారా? సంతకం ఎవరి చేత పెట్టిస్తారు? నసిగితే, వేరే చోట అడిగే టైము ఇంకా ఉంటుంది. మీ అత్తగారికీ అమ్మకీ కూడా ముందే చెప్పి పెట్టండి.

సీమంతం పిల్లకి నిన్న రాత్రి ఫోన్ చేశా. ఈసారి చెకప్‌కి వాళ్ళాయన్ని తీసుకుని వెళ్తానంది. నన్నూ రమ్మంది. వెళ్తున్నా. ఎవరైనా నవ్వితే ఈసారి ఊరుకోను.