ఒక్క క్షణం ఆలస్యానికి మరణశిక్షా?

‘కదలకు!’ ‘చేతులు పైకెత్తు!’ ‘బోర్లా పడుకో!’

పోలీసు నోట్లోంచి మాట ఊడిపడగానే మనిషి కొయ్యబొమ్మ అయిపోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఎదురుతిరిగినట్టే. చేతులు ఊపితే మీదికొచ్చినట్టే. కళ్ళలోకి చూడకపోతే ఏదో దాస్తున్నట్టే. అమెరికా రాజ్యాంగంలో ఏం రాసుకున్నా వీధిలో నడిచే చట్టం మాత్రం ఇదే.

మరి చెవిన పడ్డ మాట ఒంటికి అందడానికి కొంతసేపు పట్టే మనుషుల సంగతేంటి? ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి సైరన్ మోత చెవిలో మేకు దిగినట్టుంటుంది. ముందు చెప్పకుండా ఒంటిమీద చెయ్యేస్తే నిప్పు తగిలినట్టు గింజుకుంటారు. భయమేస్తే చేతులు ఆడిస్తారు, ముందుకీ వెనక్కీ ఊగుతారు, ఒకే మాట పదేపదే అంటారు. అది వాళ్ళు తమని తాము నిమ్మళం చేసుకునే పద్ధతి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి ఒక్కచోట కుదురుగా నిలబడటమే కష్టం. నలుగురు పోలీసులు నాలుగు రకాలుగా అరుస్తుంటే ఏ మాట వినాలో తెలీదు. ఇది పొగరు కాదు, నేరం కాదు. లోకాన్ని వినే తీరు వేరు, అంతే. కానీ లాఠీకి ఆ తేడా తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం దానికి ఎన్నడూ రాలేదు.

2016 జులైలో ఫ్లోరిడాలోని నార్త్ మయామిలో ఆటిజం ఉన్న ఒక యువకుడు రోడ్డుమీద కూచున్నాడు. చేతిలో బొమ్మ లారీ. అది తుపాకీ అనుకుని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. అతన్ని చూసుకునే చార్లెస్ కిన్సీ అనే నల్ల ఉద్యోగి పక్కనే వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, అది బొమ్మేనని మొత్తుకున్నాడు. అయినా పోలీసు కాల్చాడు. తూటా కిన్సీ కాలికి తగిలింది. నేను గురిపెట్టింది కిన్సీకి కాదు, ఆ రెండోవాడికి అని పోలీసు సంజాయిషీ! ఆ పోలీసు చిన్నపాటి నేరం చేశాడని 2019లో తీర్పొచ్చింది. దాన్నీ 2022లో పైకోర్టు కొట్టేసింది.

2019 ఆగస్టు 24న కొలరాడోలోని అరోరాలో ఎలైజా మెక్‌క్లెయిన్ అనే 23 ఏళ్ళ నల్ల కుర్రాడు దుకాణంలో టీ కొనుక్కుని ఇంటికి నడిచిపోతున్నాడు. చలికి మొహానికి ముసుగేసుకున్నాడు, పాటలు వింటూ చేతులు ఊపుతున్నాడు. ‘అనుమానంగా ఉన్నాడు’ అని ఎవరో ఫోన్ చేశారు. పోలీసులు మెడ నొక్కారు. అంబులెన్సు వాళ్ళు కెటమిన్ అనే మత్తుమందు మోతాదు మించి ఎక్కించారు. కొద్దిరోజులకే ప్రాణం పోయింది. అతనికి మేం ఏ జబ్బు పేరూ తగిలించం. నేను వేరేగా ఉంటాను, అంతే అని అతనే ఆ పోలీసులకి చెప్పుకున్నాడు. ఆ మాట చాలు. వేరేగా ఉండటమే నేరమైంది. నల్లగా ఉండటం దానికి తోడైంది.

కేసు ఏమైంది? జిల్లా ప్రాసిక్యూటర్ మొదట మూసేశాడు. తెరిపించింది కోర్టు కాదు, జనం. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని చంపాక దేశమంతా వీధిలోకొచ్చింది. అప్పుడే ఎలైజా పేరు మళ్ళీ లేచింది, అప్పుడే గవర్నర్ కదిలాడు. 2023లో ఒక పోలీసు, ఇద్దరు పారామెడిక్కులు దోషులని తేలింది. ఇద్దరు పోలీసులు బయటపడ్డారు. ఆ కాస్త న్యాయమైనా వీధి ఇచ్చిందే. పోలీసు చేతిలో చచ్చిన వేరే తీరు మనిషికి ఆఖరి కోర్టు ఊరేగింపే.

అందుకే రాజ్యం ఆ కోర్టుని మూసెయ్యాలని చూస్తుంది. ఎలైజా కోసం 2020 జూన్‌లో అరోరాలో జనం వయొలిన్లు వాయిస్తూ కూచుంటే పోలీసులు శిరస్త్రాణాలు పెట్టుకుని మీదికొచ్చారు. ఆ తర్వాతి నెల ఫెడరల్ బలగాల వంతు. అమెరికాలో శాంతిభద్రతలు ప్రధానంగా నగరాల, రాష్ట్రాల పని. అయినా ఫెడరల్ ఆస్తుల రక్షణ పేరుతో వాషింగ్టన్ ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కి తన మనుషుల్ని పంపింది. వాళ్ళలో సరిహద్దు కాపలా దళాలూ ఉన్నాయి. మేయర్ వద్దన్నాడు, గవర్నర్ వద్దంది. వినలేదు. ఒంటిమీద పేరు లేదు, బండిమీద గుర్తు లేదు. రాత్రిపూట మనుషుల్ని పట్టుకుని వ్యానుల్లో పడేసుకుపోయారు. జనంలో నిలబడ్డ మేయర్‌కే బాష్పవాయువు తప్పలేదు.

ఆ గుంపులో ఆటిజం ఉన్న మనిషిని ఒకసారి నిలబెట్టి చూడండి. కళ్ళుబైర్లు కమ్మే లైట్లు, చెవులు చిల్లులుపడే గ్రెనేడ్లు, ఊపిరాడని పొగ, మొహం లేని మనుషులు, ఎక్కడికి పోవాలో చెప్పని అరుపులు. మామూలు మనిషికే దిక్కుతోచదు. అతనికి అది చిత్రహింస. అతను ఊగితే, పరిగెత్తితే, మాట పడిపోతే అవన్నీ ‘ఆదేశం ధిక్కరించుట’ కింద రాసుకుంటారు. ఊళ్ళో పోలీసైతే కనీసం ఎవడో తెలుస్తుంది, స్టేషనెక్కి అడగొచ్చు. పేరులేనివాడి మీద ఫిర్యాదు ఎవరికిచ్చుకోవాలి?

ఈ నిరసనల్లో దిగే ఫెడరల్ మనుషులు పేరో నంబరో, దాంతోపాటు శాఖ పేరూ కనపడేలా పెట్టుకోవాలని 2021 జనవరి 1న ట్రంప్ వీటోని తోసేసి మరీ చట్టం చేశారు. 2025 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో వలస కార్మికుల్ని పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళ మొహాలకి మళ్ళీ ముసుగులే. నిరసన లేచేసరికి గవర్నర్ కాదన్నా సుమారు 4,000 మంది నేషనల్ గార్డుని, 700 మంది మెరైన్లని దింపారు. అది చట్టవిరుద్ధమని సెప్టెంబరులో ఒక ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. ఎలైజా ముసుగు అనుమానమట! వీళ్ళ ముసుగు విధి నిర్వహణట!

దీనికి మంచివాళ్ళు చెప్పే మందు ఒకటుంది. పోలీసులకి శిక్షణ ఇవ్వండి, ఆటిజం ఉన్నవాళ్ళకి కార్డులివ్వండి అంటారు. కనెక్టికట్‌లో 2020 నుంచి అలాంటి డ్రైవర్లకి నీలం కవర్లు ఇస్తున్నారు. పోలీసు ఆపితే అది చూపించాలి. కొందరి ప్రాణం దానివల్ల నిలబడితే సంతోషమే, కాదనం. కానీ బాష్పవాయువు కవరు చదువుతుందా? కార్డు కోసం జేబులో చెయ్యిపెట్టిన నల్లవాణ్ణి ఆ చెయ్యి బయటకొచ్చేదాకా ఆగి చూస్తారా? అయినా నా తేడా నేనే మెళ్ళో కట్టుకుని తిరగాలా? మూతికి ముంత, ముడ్డికి తాటాకు కట్టించిన ధర్మం మనకి తెలీంది కాదు. ‘నువ్వు ఫలానా అని ముందే చెప్పుకో, అప్పుడు చూద్దాం’ అనేవాడు మనల్ని మనుషుల్లో కలుపుకోలేదు, పక్కన నిలబెట్టాడు. మారాల్సింది లాఠీ పట్టినవాడి నడవడి, దెబ్బ తినేవాడి నడవడి కాదు.

మనకెందుకీ అమెరికా గొడవ అనొచ్చు. మనకీ దానికీ బంధుత్వముంది. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఎవరి పేరు పెట్టుకున్నారు? అమెరికా నల్ల చిరుతల పేరే. ఆ నల్ల చిరుతలు చేసిన ఒక పని మన సభల్లో ఎవరూ చెప్పరు. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ ఆఫీసులోకి వెళ్ళి బైఠాయించారు. 1973 చట్టంలోని 504వ సెక్షన్‌కి నిబంధనలు జారీచెయ్యాలని వాళ్ళ డిమాండు. అధికారులు ఫోన్లు కోసేశారు. చెవిటివాళ్ళు కిటికీల్లోంచి చేతి సైగలతో బయటికి కబురందించారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. రోజూ వేడివేడి అన్నం మోసుకొచ్చింది నల్ల చిరుతలు. లోపల కూచున్నవాళ్ళలో చక్రాల కుర్చీలో ఉన్న బ్రాడ్ లోమాక్స్ కూడా నల్ల చిరుతే. ఏప్రిల్ 28న మంత్రి సంతకం పెట్టాడు. 40 ఏళ్ళ తర్వాత, 2017 జూన్‌లో, వైద్యసాయం కోత వద్దని కూచున్న వికలాంగుల్ని వాషింగ్టన్‌లో కాపిటల్ పోలీసులు ఈడ్చి 43 మందిని అరెస్టు చేశారు. గెలిచిన హక్కుని మళ్ళీ మళ్ళీ కాపలా కాసుకోవాల్సిందే.

బందోబస్తు ఎవరి కోసమో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని నరికినప్పుడు ఊళ్ళో పోలీసులున్నారు. తల ఎత్తితే పొగరు, దించితే దొంగచూపు అని మన ఒంటిని కూడా వాళ్ళ కొలబద్దతోనే కొలిచారు. ఆ కొలబద్ద దెబ్బ తిన్నవాళ్ళం అదే కొలబద్ద పట్టుకుని మన పిల్లల్ని కొలుస్తున్నామా లేదా? వాడలో కుదురులేని పిల్లోణ్ణి ‘పిచ్చోడు’ అన్నది మనమే. మాట రాని పిల్లని సభకి తీసుకురావొద్దని తల్లికి చెప్పిందీ మనమే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. మన డిమాండ్ల జాబితాలో ఉందా?

అక్కడ పేరులేని బలగాలు వీధుల్లోంచి పోవాలి. ఇక్కడ మన సభలో ఊగుతూ కూచున్న పిల్లోడికి ముందు వరసలో చాప పరవాలి. మైకు మోత కాస్త తగ్గిద్దాం. వాడు లేచి తిరిగితే తిరగనిద్దాం. నోరు మూసుకుని కదలకుండా కూచునేవాళ్ళతోనే అయ్యేదైతే మన ఉద్యమం పుట్టేదే కాదు.