టైరు అరుగుదలను కొలిచే చట్టం వయసును పట్టించుకోదు

టైరు పేలడాన్ని దైవఘటనగా పరిగణించజాలమని, అది మానవ నిర్లక్ష్యమేనని బొంబాయి హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయికి వెళ్తున్న ఒక కారు వెనుక టైరు పేలి, వాహనం లోయలో పడి ఒకరు మరణించారు. మృతుని కుటుంబానికి ట్రిబ్యునల్ మంజూరు చేసిన సుమారు 1.25 కోట్ల రూపాయల పరిహారాన్ని బీమా సంస్థ సవాలు చేయగా హైకోర్టు ఆ అప్పీలును తోసిపుచ్చింది. అతివేగం, గాలి తక్కువ కావడం లేదా ఎక్కువ కావడం, పాత టైర్లు బిగించడం, ఉష్ణోగ్రత వంటి కారణాలను ప్రస్తావిస్తూ, బయలుదేరే ముందు టైర్ల స్థితిని చూసుకోవడం వాహనం నడిపేవారి బాధ్యతేనని స్పష్టం చేసింది.

బాధ్యత ఎవరిదో తేలిపోయింది. అయితే దానిని నెరవేర్చడానికి సాధారణ కారు యజమాని వద్ద ఉన్న ఆధారాలు స్వల్పం. నెలకోసారి పెట్రోలు బంకులో గాలి కొట్టించడం మినహా టైరు వంక చూసేవారు తక్కువ. అతనికి ప్రతిరోజూ అందే సమాచారం ఒక్కటే: ప్రయాణంలో పెరిగే కుదుపు, హోరు, స్టీరింగ్ వణుకు. వీటిని రోడ్డు ఖాతాలో జమకట్టడం మన దేశంలో అలవాటైపోయింది. గుంతలు ఉన్న మాట నిజమే. కాని అదే రోడ్డుపై, అదే కారు రెండేళ్ల క్రితం కంటే కఠినంగా నడుస్తున్నదంటే మారింది రోడ్డు కాకపోవచ్చు.

గాలే మొదటి స్ప్రింగు

కారు బరువును మోసేది ప్రధానంగా టైరులోని రబ్బరు కాదు, అందులో బంధించిన గాలి. రోడ్డుమీది ఎగుడుదిగుళ్లను స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లకంటే ముందు ఎదుర్కొనేది టైరే. దాని పక్కగోడలు వంగి తిరిగి నిలదొక్కుకోవడంలోనే చిన్న చిన్న అదురులు అణగిపోతాయి. ఆ వంగే గుణం తగ్గితే అదురు నేరుగా సీటుదాకా వస్తుంది.

అరుగుదల అన్ని టైర్లలో ఒకే తీరున సాగదు. గాలి ఎక్కువైతే నడిమి భాగం, తక్కువైతే రెండు అంచులు ముందు అరుగుతాయి. వీల్ అలైన్‌మెంట్ తప్పితే ఒకవైపు అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటే టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడతాయి. ఇలాంటి టైర్లు వేగం పెరిగేకొద్దీ హోరు పుట్టిస్తాయి. చాలామంది దానిని బేరింగు చప్పుడుగా పొరబడతారు. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగం వద్ద మాత్రమే స్టీరింగ్ వణికితే సాధారణంగా అది చక్రాల బ్యాలెన్సింగ్ లోపానికి సూచన.

సమంగా అరిగిన టైరు ఇంకా మోసకారి. గాడులు తగ్గినకొద్దీ పొడి రోడ్డుపై దొర్లుడు నిరోధం తగ్గి ఇంధనం కాస్త ఆదా అవుతుంది. యజమాని దానిని లాభంగానే భావిస్తాడు. వాన పడిన రోజున మాత్రం నీటిని పక్కకు తోసే గాడులు లేక టైరు నీటిపొరపై తేలుతుంది, బ్రేకు వేసినా బండి ఆగదు.

ఎండలో ముదిరే రబ్బరు

అరుగుదల కంటికి కనిపిస్తుంది. వార్ధక్యం కనిపించదు. వాయువులోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరుతో నిరంతరం చర్య జరుపుతూ దాని అణుగొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తాయి. మెత్తదనం కోసం కలిపిన నూనెలు క్రమంగా తరిగిపోతాయి. రబ్బరు గట్టిపడుతుంది, పక్కగోడలపై సన్నని పగుళ్లు తేలుతాయి. వేడి పెరిగేకొద్దీ ఈ చర్యల వేగం పెరుగుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఆరుబయట నిలిచే కారు టైరు, చల్లని దేశాల్లోని టైరు కంటే త్వరగా ముసలిదవడంలో వింత లేదు.

కారు తక్కువగా తిరిగితే టైర్లు ఎక్కువకాలం మన్నుతాయన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. రబ్బరును కాపాడేందుకు కలిపే మైనం వంటి పదార్థాలు, టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడే బాగా ఉపరితలానికి వస్తాయి. కదలకుండా పడి ఉన్న కారుకు ఆ రక్షణ కూడా తగ్గుతుంది. గాడులు నిండుగా ఉన్నా ఎనిమిదేళ్లనాటి టైరు రోడ్డుపై కర్రచక్రంలా నడవడానికి కారణమిదే. డిక్కీలో ఒక్కసారీ వాడని స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది.

అయితే మెత్తగా నడవడమే క్షేమమని అనుకోరాదు. ఎండాకాలంలో టైర్లు పేలకుండా ఉంటాయన్న అపోహతో గాలి తగ్గించి కొట్టించే అలవాటు పలుచోట్ల ఉంది. గాలి తగ్గిన టైరు మెత్తగానే నడుస్తుంది. కాని పక్కగోడలు మితిమీరి వంగి లోలోపల వేడెక్కుతాయి. నివారించాలనుకున్న ప్రమాదాన్ని ఆ అలవాటే కొనితెస్తుంది. కనుక గమనించవలసింది మెత్తదనాన్ని కాదు, వచ్చిన మార్పును.

వేడి, తక్కువ గాలి కలిస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. ట్రెడ్ పొర ఊడిపోయిన ఘటనల్లో అధికభాగం వేడి ఎక్కువగా ఉండే దక్షిణ రాష్ట్రాల్లోనే జరిగాయి. తయారీ, రూపకల్పన లోపాలకు ఎండ, గాలి తక్కువ కావడం తోడయ్యాయి. ఆ ఏడాదే అక్కడి కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే పరికరాలు అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి కావడానికి ఆ చట్టమే మూలం.

కొలత 1.6 మిల్లీమీటర్లే

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన టైర్ల స్థితిని నిర్దేశిస్తుంది. కార్ల టైర్ల గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. లోపలి దారాలు బయటపడినా, ఉబ్బు కనిపించినా టైరు పనికిరాదు. దొర్లుడు నిరోధం, తడిరోడ్డుపై పట్టు, చప్పుడు విషయంలో 2022లో ప్రమాణాలు ప్రకటించారు. కొత్త నమూనాలకు ఆ ఏడాది అక్టోబరు నుంచి అవి వర్తించాయి. అయితే అవి కర్మాగారం నుంచి వచ్చే టైరుకే. ఏడేళ్లు ఎండలో నిలిచిన తర్వాత అదే టైరు ఎలా ఉందన్నది ఎవరూ అడగరు.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లపాటు చెల్లుతుంది. రవాణా వాహనాల మాదిరిగా మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష లేదు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ నుంచి తొలగిస్తున్న వ్యవస్థ, బండి వయసును లెక్కిస్తుందే కాని టైరు వయసును లెక్కించదు. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు. అక్కడి ఎండకే ఆ పరిమితి అవసరమైతే, ఇక్కడి ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇరుకు రోడ్లపై 50 కిలోమీటర్ల వేగంతో పోయే రోజుల్లో ఈ లోపం అంతగా బయటపడలేదు. నేడు 701 కిలోమీటర్ల ముంబయి-నాగపూర్ సమృద్ధి మార్గంపై, 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై కార్లకు 120 కిలోమీటర్ల వేగం అనుమతిస్తున్నారు. 2023లో సమృద్ధి మార్గంపై మహారాష్ట్ర అధికారులు టైర్ల తనిఖీలు చేపట్టారు. ఇది హర్షించదగిన చర్యే. అయితే గాడుల లోతు చూసే తనిఖీకి గట్టిపడిన రబ్బరు చిక్కదు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. వీటన్నిటికీ టైర్లే కారణం కాకపోయినా, చేతికందే జాగ్రత్తను వదులుకోవడానికి ఈ అంకెలు అవకాశమివ్వవు.

టైరు పక్కన చెక్కిన నాలుగు అంకెలే వయసు చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొనుగోలుదారు రసీదుపై తేదీని చూస్తాడు, ఈ అంకెలను చూడడు. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల టైర్లపై జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినందున మార్పిడి భారం కొంత తేలికైంది. తయారీ తేదీని రసీదుపై ముద్రించడం, టైరు వయసుకు పరిమితి విధించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు లేని పనులు. టైరు పేలితే యజమానిదే నిర్లక్ష్యమని న్యాయస్థానం తేల్చిన తర్వాత, ఆ టైరు ఎంత పాతదో అతనికి తెలియజెప్పే బాధ్యత చట్టంపై పడుతుంది.