ఆరు పౌన్ల సైకిలు

ఏబది దాటిన మనిషి కొండ యెక్కబోతున్నాడంటే, మ్రొక్కు తీర్చుకోవడానికైతే లోకం చేతులు జోడిస్తుంది. మ్రొక్కు లేదు, లాభం లేదు, ఉత్త సరదా అంటే మాత్రం ఇంటిల్లిపాదీ వైద్యునికి కబురంపుతారు. ఈ లోకరీతిని కడదాకా లెక్కచేయనివాడు హెచ్. డబ్ల్యు. టిల్మన్ అనే ఆంగ్లేయుడు.

అతడు 1898లో జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి, పిమ్మట కెన్యాలో కాఫీతోట వేశాడు. 1933లో స్వదేశానికి మరలవలసి వచ్చినప్పుడు, తూర్పుతీరాన ఓడలుండగా, ఆరు పౌన్లిచ్చి ఒక సైకిలు కొని, ఉగాండానుంచి పడమరగా సుమారు 3,000 మైళ్ళు తొక్కి అట్లాంటిక్ ఒడ్డు చేరాడు. ఎందుకయ్యా అంటే సమాధానమేమున్నది? ఆ దారి అతడు చూడలేదు, అంతే. ఈ ప్రయాణాన్ని వ్రాసిన పుస్తకంలో వీరుడెక్కడా కనిపించడు. ఎండకు మాడి, తనను తానే ఎగతాళి చేసుకొనే ఒక బాటసారి కనిపిస్తాడు.

1936 ఆగస్టు 29న ఓడెల్‌తో కలిసి 25,643 అడుగుల నందాదేవి శిఖరం చేరినవాడూ ఇతడే. 1950లో ఫ్రెంచివారు అన్నపూర్ణ నెక్కేవరకు మానవుడు చేరిన శిఖరాలలో అంతకంటె ఎత్తైనది లేదు. అంతటి ఘట్టంలో మిత్రులిద్దరూ కరచాలనం చేసుకొన్న సంగతిని సైతం, ఏదో మర్యాద తప్పినట్లు, సంకోచంతో చెప్పుకొన్నాడు. పర్వతాన్ని జయించామని జబ్బలు చరిచేవారి వ్రాతలకంటె ఈ సంకోచమే పర్వతానికి తగిన నమస్కారం. కొండ ఓడిపోదు గదా! మనిషిని కాసేపు నిలువనిస్తుంది, అంతవరకే.

ఇక వయస్సు మాట. 1950లో నేపాలులో నాలుగవ అన్నపూర్ణను ఎక్కలేక దిగివచ్చేనాటికి అతనికి ఏబదిరెండేండ్లు. మహోన్నత శిఖరాలు తనకిక అందవని గ్రహించాడు. మరొకరైతే పడకకుర్చీ వేసుకొని పాత పటాలు చూసుకొందురు. అతడు 1954లో పాత నావ నొకదానిని కొన్నాడు. 1906లో కట్టిన ఆ నావ పేరు మిస్చిఫ్, అనగా అల్లరి. యజమానికి ఏబదియారు, నావకు నలుబదియెనిమిది, ఈడూజోడూ కుదిరింది. ఎత్తు తక్కువైనా మనుష్యులెరుగని కొండలకు సముద్రంమీదుగా పోవచ్చునని ఉపాయం. ఆ నావలోనే దక్షిణ అమెరికా కొసకు పోయి, 1956 నాటికి పటగోనియా మంచుపీఠాన్ని ఇద్దరు సహచరులతో కాలినడకన దాటాడు.

ఈ ఉల్లాసానికి మూల్యం లేదనడం సత్యం కాదు. 1966 యాత్రలో సహనావికు డొకడు సముద్రంలో పడి గల్లంతయ్యాడు. హాస్యం ఆ తల్లికి ఓదార్పు కాజాలదు. తన ప్రాణాన్ని తేలికగా చూసే హక్కు మనిషికి ఉండవచ్చు గాక, వెంట వచ్చినవారి ప్రాణం విషయంలో ఆ హక్కు లేదు. టిల్మన్‌ను మెచ్చేవారు ఈ పుటను త్రిప్పివేయరాదు. అయితే, వృద్ధాప్యం గనుక సరదా తప్పు అనే వాదానికి ఇది సాక్ష్యం కానేరదు. సముద్రం వయస్సు అడిగి మ్రింగదు; ఆనాడు పోయినవాడు అతనికంటె చిన్నవాడే.

1977లో, డెబ్బదితొమ్మిదవ యేట, అంటార్కిటికా చేరువలోని స్మిత్ దీవి కొండ నెక్కదలచిన యువకుల నావలో నౌకరివలె చేరాడు. ఈసారి నాయకత్వం అతనిది కాదు. ఆ యేడు నవంబరులో రియో రేవు వదలిన ఆ నావ తిరిగి ఎవరికీ కనబడలేదు. మరి మూడు నెలలకు అతనికి ఎనుబది నిండవలసి ఉన్నది.