తల్లి యడుగవలసిన ప్రశ్న



నాటకము వినోదమునకే యని తలంచువా రింకను గలరు. కాని అమెరికాదేశమున నల్లజాతి స్త్రీలు రచించిన నాటకములను బరికించినచో, ఏ న్యాయస్థానమును వినని మొఱలు రంగస్థలమున వినవచ్చుచుండుట తెలియఁగలదు. 1959వ సంవత్సరమున లొరెయిన్ హాన్స్‌బెర్రీ రచించిన ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ న్యూయార్కునందలి బ్రాడ్వే రంగమున ప్రదర్శింపఁబడెను. నల్లజాతి స్త్రీ రచించిన నాటకము బ్రాడ్వే కెక్కుట అదియే ప్రథమము.

ఆ త్రోవనే నడచుచున్న నేఁటి రచయిత్రులలో డెట్రాయిట్ నగరమునఁ బుట్టిన డొమినిక్ మోరిసో యొకరు. ఆమె ‘పైప్‌లైన్’ నాటకము 2017లో న్యూయార్కునఁ బ్రదర్శితమైనది. పైప్‌లైన్ అనఁగా గొట్టపుబాట. నల్లజాతి బాలురు చిన్న తప్పిదములకే బడినుండి తొలఁగింపఁబడి తుదకుఁ జెఱసాల పాలగుచున్నారనియు, బడికిని జెఱకును నడుమ నొక గొట్టమే యున్నట్లున్నదనియు నచ్చటివారు చెప్పుకొను మాటనుండి యీ పేరు వచ్చినది.

ఇందలి తల్లి నగరములోని ప్రభుత్వ పాఠశాలయం దుపాధ్యాయిని. తాను బోధించు బడిపై నమ్మకము చాలకయే కాఁబోలు, కుమారుఁడగు ఒమారీని దూరముననున్న ప్రైవేటు పాఠశాలకుఁ బంపినది. అచ్చట రిచర్డ్ రైట్ 1940లోఁ బ్రకటించిన ‘నేటివ్ సన్’ నవల పాఠ్యము. అందు హత్య చేసినవాఁడు నల్లజాతి యువకుఁడు. ఆ హంతకుని మనస్సెట్టిదో చెప్పుమని గురువు తరగతిలో ఒమారీనే పట్టి పదేపదే నిర్బంధించెను. బాలుఁడు సహింపలేక గురువును గోడవైపునకు నెట్టెను. తోడి విద్యార్థులు దానిని సెల్‌ఫోనులోఁ జిత్రించిరి. ఇఁక బడి పోవునో, పోలీసులు వత్తురో యని తల్లి తల్లడిల్లును.

గురువును నెట్టుట తప్పే. రచయిత్రి దానిని గప్పిపుచ్చలేదు. ఉపాధ్యాయుల కష్టమును మఱవలేదు. తల్లితోఁ బనిచేయు తెల్లజాతి పంతులమ్మ, పిల్లల పోట్లాట మాన్పఁబోయి యోర్పు నశించి చీపురుతో నొక బాలుని గొట్టును. అలసినవారు ఇరుప్రక్కలను గలరు. అయినను, చెఱసాల దారి బాలునికే తెఱచియున్నది. నాటకమునందలి నిరసన యిదియే.

ఆంటొనెట్ న్వాండు రచించిన ‘పాస్ ఓవర్’ 2017లో షికాగోలోఁ బ్రదర్శింపఁబడినది. వీథిమూల విడిచి పోలేని యిద్దఱు నల్లజాతి యువకుల కథ యిది. తొలుత నందొకఁడు మరణించును. 2021లో బ్రాడ్వేపైకి వచ్చినప్పుడు రచయిత్రి ముగింపును మార్చి యాతని బ్రదికించినది. చావును మఱలఁ జూపుటకంటె బ్రదుకును జూపుటయే యప్పటి యవసరమని యామె తలంచెను.

‘పైప్‌లైన్’ తల్లి కొడుకునకు నీతులు చెప్పి చెప్పి యలసి, తుదకుఁ దన్ను రక్షించు నుపాయము తనకు బోధింపుమని యాతనినే వేఁడుకొనును. కోపగించిన పిల్లవానిని శిక్షింపవలెనా క్షమింపవలెనా యని మనము తర్కింతుము. ఏమి జరిగినదని వానినే యడుగుట యరుదు. ఆ ప్రశ్న వేయుటకును, బదులు వచ్చువఱకు నోర్చి వినుటకును దల్లికంటెఁ దగినవా రెవ్వరు?