టోబా బూడిద... మన జ్వాలాపురంలో!

చుట్టూ నీలం నీళ్లు, మధ్యలో పచ్చని కొండల దీవి. సుమత్రాలోని టోబా సరస్సులో ఉన్న ఆ దీవి పేరు సమోసిర్‌. పరాపత్‌ రేవులో పడవెక్కితే చాలు, చల్లగాలి పలకరిస్తుంది. ఒడ్డు చేరగానే రెండు కొసలూ పైకి లేచిన కప్పులతో బాటక్‌ల కొయ్య ఇళ్లు కనిపిస్తాయి. భోజనానికి కూర్చుంటే బంగారుతీగ చేపతో చేసిన 'ఆర్సిక్‌' వస్తుంది. పసుపు దట్టించిన ఆ పులుసులో అందలిమాన్‌ అనే గింజ పంటికింద పడిందా... నాలుక జివ్వుమని తిమ్మిరెక్కాల్సిందే!

ఇంత అందమైన సరస్సు నిజానికి ఒక అగ్నిపర్వతం నోరు. సుమారు 74,000 ఏళ్ల కిందట అది పేలి, నేల కుంగి, ఆ గుంతలో నీరు చేరింది. తర్వాత కింది నుంచి శిలాద్రవం తోసుకురావడంతో సరస్సు అడుగే పైకి లేచి సమోసిర్‌ దీవి అయింది. 2020లో యునెస్కో ఈ ప్రాంతాన్ని గ్లోబల్‌ జియోపార్కుగా గుర్తించింది.

అంత దూరం వెళ్లలేమనుకునేవారు నిరాశపడక్కర్లేదు. ఆనాటి బూడిద గాలికి కొట్టుకొచ్చి రాయలసీమలోనూ రాలింది. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, దాన్ని కళ్లారా చూడొచ్చు. ఊరి పేరు మాత్రం కాకతాళీయమే! ఆకాశం నుంచి పడింది కొద్ది సెంటీమీటర్లే. వాననీరు గట్ల మీద నుంచి కడిగి తేవడంతో లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటి పేరుకుంది. ఎర్రమట్టి మధ్య తెల్లటి చార... చేత్తో ముట్టుకుంటే పిండిలా మెత్తగా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దాదాపు అన్నీ గాజు పెంకులే.

రవి కొరిశెట్టర్‌, మైకేల్‌ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వినప్పుడు బూడిద పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటి తీరు కూడా దాదాపు ఒక్కటే. అంటే, అంత ఉత్పాతాన్నీ తట్టుకుని మనుషులు ఈ లోయలో బతికారన్నమాట! 2007లో 'సైన్స్‌' పత్రికలో ఈ సంగతి వచ్చాక ప్రపంచం చూపు ఇటు మళ్లింది. ఆ మనుషులు మనలాంటివారేనా, అంతకు ముందరి జాతివారా అన్న చర్చ మాత్రం తెగలేదు.

దాన్ని తేల్చాలంటే ఆ పొరలు మిగలాలి కదా! గిన్నెలు తోమే పొడులకు పనికొస్తుందని ఇక్కడి బూడిదను ఏళ్లుగా తవ్వుకుపోయారు. కూలీలకు అది నాలుగు రాళ్లు తెచ్చే పనే. కానీ తవ్విన చోట చరిత్ర చెరిగిపోయినట్టే. మళ్లీ పేర్చలేం. చూడ్డానికి వెళ్లేవారు రైతుల్ని అడిగి దిగాలి. గుప్పెడు బూడిద కూడా మూట కట్టుకురావద్దు.

నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గంలో బనగానపల్లె స్టేషన్‌ ఉంది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని బయల్దేరితే లోయ చూసుకుని దగ్గర్లోని యాగంటి ఉమామహేశ్వరుణ్నీ దర్శించుకోవచ్చు. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి ఉండనే ఉన్నాయి. ఎండలకు వెరవనివారు మామిడి రోజుల్లో వెళితే, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి పండును దాని సొంతూళ్లోనే రుచి చూడొచ్చు!