మూడు రోజులు చాలవని చెప్పిందెవరు?

మొన్న మా పేటలో జిమ్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. నైట్ షిఫ్టు ఉద్యోగం. "అన్నా, వారానికి మూడు రోజులే కుదురుతుంది" అన్నాడు. ట్రైనర్ మొహం చిట్లించి, "మూడు రోజులకి ఏమొస్తుంది తమ్ముడూ, ఫీజు దండగ! ఆరు రోజులు రా, లేకపోతే మానెయ్" అన్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ కనబడలేదు. ఇలాంటి మాటతో ఊరూరా ఎంతమందిని గడప దాటనివ్వకుండా వెనక్కి పంపుతున్నారో తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ఏ జిమ్ గోడ చూసినా అదే చార్టు. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, గురువారం బైసెప్స్, శుక్రవారం ట్రైసెప్స్, శనివారం లెగ్స్. ఏళ్ళ తరబడి బరువులెత్తి స్టేజీ ఎక్కే బాడీబిల్డర్ల పద్ధతి అది. ఇరవై కిలోల ఖాళీ రాడ్ భుజాన పెడితేనే మోకాళ్ళు వణికేవాడికి బైసెప్స్‌కని విడిగా ఒక రోజెందుకు?

కొత్తవాడి చెస్ట్ డే ఎలా సాగుతుందో దగ్గరుండి చూడండి. ఫ్లాట్ బెంచ్, ఇంక్లైన్, డిక్లైన్, ఆపైన డంబెల్ ఫ్లై, మెషీన్. ఒక్క ఛాతీ మీదే ఇరవై సెట్లు. మర్నాడు తల దువ్వుకోడానికి చెయ్యి లేవదు. "నొప్పుంటేనే ఒళ్ళు వస్తోందని లెక్క" అంటాడు ట్రైనర్. శుద్ధ తప్పు. నొప్పి పడ్డంత మాత్రాన కండ పెరగదు. కసరత్తు చేశాక కండ కట్టే వేగం ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, తర్వాత మామూలుకి దిగుతుంది. సోమవారం చేసిన ఛాతీ గురువారం నుంచీ ఖాళీగా కూర్చుంటుంది. పైగా స్క్వాట్ ఒక విద్య. వారానికోసారి చేస్తే నడుము వంగకుండా కూర్చుని లేవడం ఎప్పటికి పట్టుబడుతుంది?

ఇంట్లో పెళ్ళో, ఒంట్లో జ్వరమో వచ్చి శనివారం తప్పిందనుకోండి. ఇక కాళ్ళ వంతు మళ్ళీ వచ్చే శనివారమే. అందుకే మన జిమ్‌ల నిండా పైన భుజాలు, కింద పుల్లల్లాంటి కాళ్ళు.

ఆ గోడల మీద పోస్టర్లు కూడా ఎవరివో విదేశీ బాడీబిల్డర్లవే. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి బొమ్మ ఒక్క చోటైనా ఉందా? 2000లో సిడ్నీలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. కాళ్ళు, నడుము, వీపు, భుజాలు ఒక్కటై పనిచేస్తేనే ఆ బరువు లేస్తుంది. ఒంటిని ఆరు ముక్కలు చేసి ఆరు రోజులకి పంచితే లేవదు.

మూడు రోజుల మాట సోమరుల మాట అనేవాళ్ళకి ఒకటి చెబుతాను. కొత్తవాళ్ళు వారానికి రెండు మూడు రోజులు ఒళ్ళంతా కలిపి చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లోనే చెప్పింది. కోచ్ బిల్ స్టార్ 1976లో రాసిన పుస్తకంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ చేత వారానికి మూడు రోజులే బరువులెత్తించాడు. వాళ్ళు సోమరులా?

సోమ, బుధ, శుక్రవారాలు రండి. ఒక రోజు స్క్వాట్, బెంచ్, రో. మరో రోజు స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. ఈ రెండూ మార్చి మార్చి చేయండి. వార్మప్ పోను మూడేసి సెట్లు, సెట్టుకి ఐదు నుంచి ఎనిమిది సార్లు. డెడ్‌లిఫ్ట్‌కి ఒక్క సెట్టు చాలు. అన్నీ శుభ్రంగా వచ్చిన రోజున తర్వాతిసారికి రెండున్నర కిలోలు పెంచండి. అందుకు రాడ్‌కి అటొకటి ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు కావాలి. గోడ నిండా అద్దాలు బిగించే జిమ్‌ల వాళ్ళు అవి మాత్రం కొనరు. ఫీజు కట్టేటప్పుడే వాటిని అడగండి.