వివాహము పరవానా యగునా?

మొజంజాహీ మార్కెట్టు గడియారపు గోపురము క్రింద సాయంకాలమున నిలుచువారికి, ఫలానివారి కుమారుడు అమెరికాలో చదువుకొనుచున్నాడను వార్త తఱచుగా వినవచ్చును. “అచ్చటి పిల్లనే పెండ్లాడి నిలిచిపోయెనట” యను రెండవ వార్త వచ్చునప్పుడు మాత్రము గొంతులు తగ్గును. ఆ తగ్గిన గొంతులలో నిందయు నున్నది, అసూయయు నున్నది. ఈ రెండును అనుచితములని మా యభిప్రాయము.

ఆ మార్కెట్టునకు పేరిచ్చిన రాకుమారుని కథనే తలచుకొందము. 1931 లో మొజంజా ఫ్రాన్సుదేశమందలి నీస్ నగరమున నిలోఫర్‌ను వివాహమాడెను. ఆమె 1924 లో స్వదేశమునుండి వెడలగొట్టబడిన తుర్కీ సుల్తానుల వంశమునకు జెందినది. పెండ్లియే ఆమెను హైదరాబాదునకు గొనివచ్చినది. నేటికిని తల్లులు బిడ్డలనెత్తుకొని ఆమె పేరిటి ఆసుపత్రికే పోవుచున్నారు. వెనుకటి మన ముల్కీ నిబంధనలును ముల్కీ భార్యను ముల్కీగానే యెంచినవి. కావున వివాహమువలన నివాసహక్కు సంక్రమించుట యధర్మమని మనము చెప్పరాదు.

అమెరికా చట్టమును ఇట్టిదే. ఉద్యోగము మూలమున శాశ్వతనివాసము గోరువారిలో ఏ యొక్క దేశమువారికిని ఏటా నూటికి 7 పాళ్లకు మించి యీయరాదను నియమముండుటచే, మనవారి వరుస సంవత్సరముల తరబడి నత్తనడక నడచుచున్నది. ఆ దేశపు పౌరుని భార్యకు గాని, పౌరురాలి భర్తకు గాని ఆ పరిమితి లేదు. విద్యార్థిగా వెళ్లినవాడు మనసార ప్రేమించి పెండ్లాడి ఈ హక్కును గోరినచో అందు దోషమేమి?

దోషము వేఱొకచోట నున్నది. చదువు ముగిసిన పిమ్మట పని నేర్చుటకు 12 నెలలు, శాస్త్రసాంకేతిక విద్యలవారికి మఱి 24 నెలలు గడువు. ఆపైన ఉద్యోగపు వీసా లాటరీ పాలు. ఇంటివద్ద తండ్రి పొలము తాకట్టులో నున్నది. అట్టి తరుణమున దళారి వచ్చి, ఇంత సొమ్మిచ్చిన కాగితముపై పెండ్లి చేయింతునని చెవి నూదును. లొంగినవానికి 5 ఏండ్ల చెఱ, 2,50,000 డాలర్ల జుల్మానా వఱకు శిక్ష గలదు. అంతకంటె ఘోరమేమన, కపటవివాహమని తేలిన పిమ్మట మఱొకరిని నిజముగా పెండ్లాడినను, ఆ పెండ్లి మూలమున వానికి హక్కు లభింపదు. దళారిని నమ్మినవారి గతి యేమగునో 2019 లో, అమెరికా ప్రభుత్వమే పన్నిన ఫార్మింగ్‌టన్ అను బూటకపు విశ్వవిద్యాలయపు వ్యవహారమున మనవారు చూచియే యున్నారు.

నిజమైన దంపతులకును పరీక్ష తప్పదు. 1986 నాటి చట్టము ననుసరించి, పెండ్లియై రెండేండ్లు నిండక పూర్వము లభించిన నివాసము షరతులతో గూడినది. రెండేండ్ల తుదిని ఆలుమగలిరువురును గలసి అర్జీ పెట్టవలెను. ఆ సంతకమునే కొరడాగా జేసికొని హింసించువారును గలరు. అయితే సద్బుద్ధితో పెండ్లాడి హింసకు గురియైనవారును, విడాకులు పొందినవారును ఒంటరిగనే అర్జీ పెట్టుకొన వీలు కలదు. ఈ సంగతి దెలియక మన బిడ్డలెవ్వరును మౌనముగా బాధపడరాదు.

ఇక మన యింటి మాట. కాగితపు పెండ్లి యనగానే ముక్కున వేలు వేసికొను మనము, సంబంధము చూచునప్పుడు వరుని గుణమునకు ముందు వీసా నడుగుట లేదా? గ్రీన్‌కార్డు గలవానికి కట్నము హెచ్చించుట లేదా? కట్నము 1961 లోనే నేరమయ్యెను. వీసాకు వెలగట్టి కట్నము పుచ్చుకొన్న తండ్రికి, సొమ్మిచ్చి పెండ్లి కొన్న కుమారుని దూషించు నధికార మెక్కడిది? ఇరువురును చేసినది బేరమే.

తండ్రులారా! అప్పు తీర్చుటకు మార్గము మనమందఱము గలసి యాలోచింపవచ్చును. వట్టిచేతులతో తిరిగివచ్చినను మన యింటి తలుపు తెఱచియే యుండునని మీ బిడ్డకు నేడే చెప్పుడు. ఆ యొక్క మాట వానిని దళారి గడప త్రొక్కనీయదు.